‘నాకు తెలియదు’ అనే హక్కు ఎవరికుంది?

కంచే చేను మేస్తే కాపెవరని మన రైతులు అడుగుతారు. ఈ సామెత వాడేవాళ్ళు ఒక సంగతి సాధారణంగా గమనించరు. కంచె మేస్తున్నదని రైతుకెలా తెలుస్తుంది? చేను కళ్ళముందుంటుంది గనుక తెలుస్తుంది. గట్టుమీద నిలబడి పైరు తగ్గిందో లేదో చూడవచ్చు. అలా కాకుండా చేను చుట్టూ ఎత్తయిన గోడ కట్టి, లోపల ఏం జరుగుతున్నదో చూడడం నీకే ప్రమాదమని రైతును నమ్మించారనుకోండి. గోడమీద ఒక కావలివాణ్ణి నిలబెట్టి, ‘అన్నీ ఇతను చూస్తుంటాడు, నువ్వు నిశ్చింతగా నిద్రపో’ అన్నారనుకోండి. అప్పుడు రైతు బతుకంతా ఆ కావలివాడి నీతిమీద ఆధారపడి వుంటుంది.

నేటి రాజ్యాలలో సైనిక గూఢచార శాఖలపై అధికారం నెరిపే ఉన్నతోద్యోగుల స్థానం సరిగ్గా ఇదే. వేగులవాడి నీతిని గురించి చాలామంది రాశారు. వాడు అబద్ధమాడవచ్చునా, మిత్రుణ్ణి మోసగించవచ్చునా, ఇలాంటి ప్రశ్నలు నవలలకూ నాటకాలకూ పనికివచ్చాయి. కాని వేగులవాడి పైన కూర్చుని, వాడి పనికి అనుమతిచ్చి, వాడు హద్దు దాటకుండా చూస్తానని ప్రజలకు హామీ ఇచ్చే పెద్దమనిషి నీతిని గురించి విచారించినవారు తక్కువ. తప్పు జరిగి బయటపడ్డ ప్రతిసారీ ఆ పెద్దమనిషి ఒకే మాట అంటాడు: ‘నాకు తెలియదు’. ఈ మాట అనే హక్కు అతనికి వున్నదా లేదా అన్నదే ఇక్కడ మనం తేల్చుకోవలసిన ప్రశ్న.

పర్యవేక్షణ అనే మాటను మనం ఒకే అర్థంలో వాడుతుంటాం. నిజానికి అందులో రెండు వేర్వేరు పనులున్నాయి. కౌటిల్యుని అర్థశాస్త్రం చూస్తే ఈ తేడా స్పష్టపడుతుంది. ఒక చోట కుదురుకుని పనిచేసే వేగులనూ, దేశమంతా తిరిగే వేగులనూ అతను వేరుచేసి చెప్పాడు. ఒక వేగు సంగతి మరొక వేగుకు తెలియకూడదన్నాడు. ముగ్గురు చెప్పిన సమాచారం ఒక్కటయినప్పుడే నమ్మమన్నాడు. ఇదంతా పర్యవేక్షణే. కాని ఎవరికోసం? వేగు రాజుకు అబద్ధం చెబుతున్నాడా అన్నదొక్కటే కౌటిల్యుని ఆందోళన. వేగు ప్రజకు అన్యాయం చేస్తున్నాడా అన్న ప్రశ్న అతని లెక్కలో ముఖ్యం కాదు. రాజు ప్రయోజనమే అక్కడ కొలబద్ద. ప్రజాస్వామ్యమని పేరు పెట్టుకున్న రాజ్యం ఈ రెండో ప్రశ్నకు సమాధానం చెప్పవలసి వుంటుంది. ఇబ్బందంతా ఇక్కడే వున్నది. మొదటి ప్రశ్నకోసం ఏర్పడిన పదవుల్లోనే మనుషులను కూర్చోబెట్టి, రెండో ప్రశ్నకు కూడా వాళ్ళే సమాధానమని మనకు చెబుతున్నారు.

ఈ విషయాన్ని గాలిలో చర్చించి లాభం లేదు. అమెరికా అనుభవాన్ని తీసుకుందాం. అమెరికా మిగతా రాజ్యాలకంటె చెడ్డదని కాదు. అక్కడ కొన్ని పత్రాలు బయటపడ్డాయి, కొన్ని విచారణలు బహిరంగంగా జరిగాయి, అందుకని. మిగతా చోట్ల ఊహించవలసినదాన్ని అక్కడ చదవవచ్చు.

1970 జనవరిలో క్రిస్టొఫర్ పైల్ అనే మాజీ సైనిక గూఢచార అధికారి ఒక వాషింగ్టన్ మాసపత్రికలో వ్యాసం రాశాడు. అమెరికా సైన్యం సొంత దేశపు పౌరులపై నిఘా వేసిందనీ, యుద్ధవ్యతిరేక సభలకూ పౌరహక్కుల ఊరేగింపులకూ సాధారణ దుస్తుల్లో సైనికులను పంపుతున్నదనీ ఆ వ్యాసం బయటపెట్టింది. సుమారు 100,000 మంది అమెరికన్లమీద సైన్యం ఫైళ్ళు తయారుచేసిందని తరువాత సెనేట్ విచారణ అంచనా వేసింది. 1971లో సెనేటర్ శామ్ ఎర్విన్ అధ్యక్షతన ఉపసంఘం ఈ సంగతిని విచారించింది. బాధితులు కోర్టుకు వెళ్ళారు. 1972లో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో వాళ్ళ వ్యాజ్యాన్ని తోసిపుచ్చింది. నిఘా వున్నందువల్ల కలిగే భయం ఒక్కటే నష్టం కింద లెక్కకు రాదన్నది. ఆ ఐదుగురిలో ఒకరు జస్టిస్ రెన్‌క్విస్ట్. న్యాయమూర్తి కాకముందు ఆయన న్యాయశాఖ తరఫున ఎర్విన్ ఉపసంఘం ముందు ఇదే విషయంపై సాక్ష్యం చెప్పి వచ్చిన మనిషి. బల్లకు ఆ పక్క నిలబడి వాదించినవాడే ఈ పక్క కూర్చుని తీర్పు చెప్పాడు.

1975లో సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ అధ్యక్షుడుగా సెనేట్ ఒక ప్రత్యేక విచారణ సంఘాన్ని నియమించింది. జాతీయ భద్రతా ఏజెన్సీ రక్షణశాఖకు చెందిన సంస్థ. 1952లో ఒక రహస్య ఉత్తర్వుద్వారా పుట్టింది. దానికీ, దాని పూర్వసంస్థలకూ మూడు పెద్ద టెలిగ్రాఫ్ కంపెనీలు 1945 నుంచి 1975 వరకు విదేశాలకు పోయే, విదేశాలనుంచి వచ్చే తంతివార్తల ప్రతులు అందిస్తూ వచ్చాయని ఆ సంఘం తేల్చింది. ఈ పథకానికి షామ్రాక్ అని పేరు. ఒక దశలో నెలకు 150,000 తంతివార్తలను ఉద్యోగులు కూర్చుని చదివేవారట. కంపెనీల యజమానులు ఇది చట్టవిరుద్ధం కాదా అని భయపడితే, 1947లో రక్షణమంత్రి ఫారెస్టల్ వాళ్ళను పిలిచి, మీమీద కేసులు రాకుండా చూస్తానని ధైర్యం చెప్పాడు. చట్టాన్ని కాపాడవలసిన పదవిలో వున్న మనిషి చట్టంనుంచి కాపాడతానని మాట ఇచ్చాడన్నమాట. ఇదికాక అదే ఏజెన్సీ 1967 తరువాత అనుమానితుల జాబితా ఒకటి పెట్టుకుని, వారి సంభాషణలను వేరుగా ఏరి పెట్టుకున్నది. ఆ జాబితాలో మార్టిన్ లూథర్ కింగ్, ముహమ్మద్ ఆలీ పేర్లతో పాటు సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ పేరు కూడా వున్నట్లు 2013లో వెల్లడయిన పత్రాలవల్ల తెలిసింది. విచారణ చేసిన మనిషి తాను కూడా నిఘాకింద వున్నానని తెలియకుండానే 1984లో చనిపోయాడు.

ఈ విచారణ ఫలితంగా కొన్ని ఏర్పాట్లు జరిగాయి. 1976లో సెనేట్‌లోనూ, 1977లో ప్రతినిధుల సభలోనూ గూఢచార శాఖలపై స్థాయీసంఘాలు ఏర్పడ్డాయి. 1978లో నిఘాకు కోర్టు అనుమతి తప్పనిసరి చేసే చట్టం వచ్చింది. రక్షణశాఖలో సైనిక గూఢచార కార్యకలాపాలు చట్టానికి లోబడి వున్నాయో లేదో చూసే ప్రత్యేకాధికారి పదవి కూడా ఏర్పడింది. ఇవి ప్రజల ఒత్తిడి సాధించిన విజయాలే. వీటిని తక్కువచేసి మాట్లాడడం అన్యాయం. కాని ఆ ప్రత్యేకాధికారి ఎవరికి జవాబు చెప్పాలి? రక్షణమంత్రికి. గూఢచార సంస్థలు ఎవరి ఆజ్ఞలకు లోబడి వున్నాయి? రక్షణమంత్రి ఆజ్ఞలకే. ఆజ్ఞ ఇచ్చేదీ, ఆజ్ఞ సవ్యంగా వున్నదని విని తృప్తిపడేదీ ఒక్కరే. కంచె పొడవు పెరిగింది, చేను గట్టు మాత్రం మనకింకా దూరంగానే వుండిపోయింది.

ఈ ఏర్పాటు ఎంత బలహీనమో పాతికేళ్ళ తరువాత తేలింది. 2002 డిసెంబరు 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు ఒక చట్టంపై సంతకం చేశాడు. దానివల్ల రక్షణశాఖలో గూఢచార వ్యవహారాలకు అండర్ సెక్రటరీ అనే కొత్త పదవి ఏర్పడింది. శాఖలోని గూఢచార సంస్థలన్నీ ఒక ఉన్నతాధికారి పర్యవేక్షణకిందికి రావాలని దాని ఉద్దేశం. సరిగ్గా అదే రోజున రక్షణమంత్రి రమ్స్‌ఫెల్డ్ మరొక కాగితంపై సంతకం చేశాడు. గ్వాంటనామో ఖైదీలను ప్రశ్నించడానికి ఏయే పద్ధతులు వాడవచ్చునో ఆ కాగితంలో వున్నది. బట్టలు తీసేయడం, ఒంటరిగా బంధించడం, కుక్కలంటే వుండే భయాన్ని వాడుకోవడం, గంటల తరబడి నిలబెట్టడం. నేను రోజుకు ఎనిమిది, పది గంటలు నిలబడే పనిచేస్తాను, వీళ్ళకు నాలుగు గంటలేనా అన్న అర్థం వచ్చే మాట మంత్రి కిందిభాగంలో స్వహస్తాలతో రాశాడు. నౌకాదళ న్యాయాధికారి ఆల్బర్టో మోరా గట్టిగా అభ్యంతరపెట్టిన మీదట 2003 జనవరి 15న ఆ అనుమతిని ఉపసంహరించారు. కాని చెప్పిన మాట వెనక్కు తీసుకున్నంత సులభం కాదు, అనుమతించిన క్రూరత్వాన్ని వెనక్కు తీసుకోవడం.

కొత్త పదవిలో మొదటి మనిషిగా స్టీఫెన్ కాంబోన్ 2003 మార్చిలో చేరాడు. అదే నెలలో ఇరాక్ మీద దండయాత్ర మొదలయింది. 2004 ఏప్రిల్ 28న అబూ గ్రైబ్ జైలు ఫోటోలు టెలివిజన్‌లో ప్రపంచమంతా చూసింది. ఆ ఫోటోలను వర్ణించవలసిన అవసరం లేదు. మే 11న సెనేట్ సంఘం ముందు విచారణకు దర్యాప్తు జరిపిన సేనాధికారి టగూబా, అండర్ సెక్రటరీ కాంబోన్ పక్కపక్కనే కూర్చున్నారు. 2003 నవంబరు 19 నాటి ఉత్తర్వువల్ల జైలు కాపలాదళం సైనిక గూఢచార దళాధిపతి చేతికిందికి పోయిందనీ, ఇది పద్ధతి కాదనీ టగూబా చెప్పాడు. ఆ ఉత్తర్వుకు ఆ అర్థం లేదని కాంబోన్ వాదించాడు. ఒక జైలులో కాపలా ఎవరి చేతిలో వున్నదన్న చిన్న సంగతిమీద, వెళ్ళి చూసి వచ్చినవాడూ, పైనుంచి చూడవలసినవాడూ ఏకీభవించలేకపోయారు. టగూబాను తరువాత పదవీ విరమణ చేయమన్నారని ఆయనే చెప్పుకున్నాడు.

శిక్షలు ఎవరికి పడ్డాయో చూడండి. పదకొండుమంది కిందిస్థాయి సైనికులకు సైనిక న్యాయస్థానాలు శిక్ష వేశాయి. ఒకరికి పదేళ్ళు, ఒకరికి మూడేళ్ళు, ఇంకొందరికి నెలలు. జైళ్ళ బాధ్యత చూసిన మహిళా బ్రిగేడియర్ జనరల్‌ను కర్నల్ హోదాకు దించారు. గూఢచార దళాధిపతిని మందలించి జరిమానా వేశారు. అంతకు పైన వున్నవారెవరికీ న్యాయస్థానం మెట్లు ఎక్కవలసిన పని పడలేదు. 2004 ఆగస్టులో నివేదిక ఇచ్చిన ఒక స్వతంత్ర సంఘం, పైస్థాయిలో కూడా వ్యక్తిగత బాధ్యత వున్నదని ఒప్పుకున్నది. కాని రక్షణమంత్రి రాజీనామా చేస్తే శత్రువులు సంతోషిస్తారని ఆ సంఘం అధ్యక్షుడు ష్లెసింజర్ అన్నాడు. ఆయన స్వయంగా మాజీ రక్షణమంత్రి, మాజీ గూఢచార సంస్థాధిపతి. 2008 చివరలో సెనేట్ సైనిక వ్యవహారాల సంఘం ఇరుపక్షాల ఏకాభిప్రాయంతో, ఇది కొద్దిమంది సైనికులు తమంతట తాము చేసిన పని కాదనీ, మంత్రి ఇచ్చిన అనుమతులు దీనికి దారి తీశాయనీ తేల్చింది. అప్పటికి శిక్షపడిన సైనికులు చాలామంది శిక్ష పూర్తిచేసుకుని బయటికి వచ్చేశారు.

పనిచేసే చేతులకు శిక్ష, పని చెప్పే నోటికి పింఛను. ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగితే బాయిలరు దగ్గర వున్న కూలివాణ్ణి సస్పెండు చేసే యజమానుల న్యాయం ఇదే. మన పాఠకులకు దీన్ని గురించి వివరించి చెప్పనక్కరలేదు. అయితే వర్గన్యాయం అని ఒక్కమాట అని ఊరుకుంటే సమస్య తీరదు. ఆ పెద్దమనిషి చెప్పే వాదాన్ని ఎదుర్కోవాలి. ‘నేను ఆ గదిలో లేను. నేను కొట్టమని చెప్పలేదు. తెలియనిదానికి మనిషిని తప్పుపట్టవచ్చునా?’ సామాన్య నీతి ప్రకారం ఇది బలమైన వాదమే. తెలియక చేసిన తప్పును లోకం క్షమిస్తుంది.

ఈ వాదానికి విచిత్రంగా అమెరికా ప్రభుత్వమే ఒకప్పుడు సమాధానం చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధం చివర ఫిలిప్పీన్స్‌లోని జపాన్ సైన్యాలకు జనరల్ యమషితా సేనాని. ఆయన సైనికులు మనీలాలోనూ ఇతర చోట్లా ఘోరాలు చేశారు. వాటిని చేయమని ఆయన ఆజ్ఞ ఇచ్చినట్లు రుజువు లేదు. ఆయనకు తెలిసినట్లు కూడా నేరుగా సాక్ష్యం లేదు. అమెరికన్ సైన్యాల దాడితో ఆయన వార్తా సంబంధాలు తెగిపోయి వున్నాయి. అయినా సైన్యాన్ని అదుపులో పెట్టడం సేనాని విధి, ఆ విధి నెరవేర్చలేదు గనుక నేరస్తుడే అని అమెరికన్ సైనిక న్యాయస్థానం మరణశిక్ష వేసింది. సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. 1946 ఫిబ్రవరి 23న ఉరితీశారు. జస్టిస్ మర్ఫీ, జస్టిస్ రట్లెడ్జ్ ఇద్దరే అసమ్మతి తెలిపారు. ఈ సూత్రం రేపు మన అధ్యక్షుడికీ, మన సేనానులకూ చుట్టుకోగలదని మర్ఫీ హెచ్చరించాడు.

మర్ఫీ భయం నిజం కాలేదు. 1968 మార్చి 16న వియత్నాంలోని మైలాయి గ్రామంలో అమెరికన్ సైనికులు వందలాది మంది నిరాయుధులను చంపారు. ఆ దళం కెప్టెన్ మెడీనా 1971లో విడుదల అయినాడు. అతనికి నిజంగా తెలిసి వుండాలి, తెలిసి వుండవలసిందన్నది చాలదు అని న్యాయాధికారి జ్యూరీకి చెప్పాడు. యమషితాకు ఒక కొలత, మెడీనాకు ఒక కొలత. ఓడినవాడికి తెలుసుకోవడం విధి. గెలిచినవాడికి తెలియకపోవడం హక్కు.

ఏ కొలత న్యాయమైనది? నాకు తోచినంతవరకు రెండూ సరికావు. తెలియకపోవడం మూడు రకాలుగా వుంటుంది. తెలుసుకోలేకపోవడం ఒకటి. తెలుసుకోకపోవడం రెండోది. తెలియనివ్వకపోవడం మూడోది. యమషితాది మొదటి రకం కావచ్చు. అతన్ని ఉరితీయడంలో ప్రతీకారం ఎంత, న్యాయం ఎంత అన్నది నేటికీ సందేహమే. రెండోది నిర్లక్ష్యం. మూడోది ముందుగా ఆలోచించి చేసుకున్న ఏర్పాటు. రేపు ‘నాకు తెలియదు’ అనడానికి వీలుగా ఈరోజే కిందివాళ్ళకు నోటిమాటగా, రెండర్థాలతో, కాగితం లేకుండా చెప్పడం. విదేశ నాయకుల హత్యాయత్నాలను విచారించినప్పుడు చర్చ్ సంఘం ఈ అలవాటును పేరుపెట్టి ఎత్తిచూపింది. అధ్యక్షుడు కాదనగలిగేటట్లు మాట్లాడడం ఆ శాఖల్లో ఒక పద్ధతిగా స్థిరపడిందనీ, చివరికి ఎవరు ఏం ఆదేశించారో తేల్చడం అసాధ్యమయిందనీ చెప్పింది. ధృతరాష్ట్రుడు గుడ్డివాడు. అయినా యుద్ధభూమిలో ఏం జరుగుతున్నదో సంజయుణ్ణి అడిగి చెప్పించుకున్నాడు. కళ్ళున్న మంత్రులు సంజయుణ్ణి గదిలోకి రానివ్వడం లేదు.

పర్యవేక్షకుని విషయంలో ఈ మూడింటి మధ్య తేడా మరింత పదునెక్కుతుంది. సేనాని పని యుద్ధం చేయడం. తెలుసుకోవడం అందులో ఒక భాగం. పర్యవేక్షకుని పని తెలుసుకోవడమే. అతనికి జీతమిచ్చేది అందుకే. వైద్యుడు నాకు నాడి చూడడం రాదనీ, లెక్కల ఆడిటర్ నాకు అంకెలు తెలియవనీ అంటే ఎట్లా వుంటుందో, గూఢచార పర్యవేక్షకుడు నాకు తెలియదనడం అట్లాగే వుంటుంది. సామాన్యుడి నోట ఆ మాట నిర్దోషిత్వానికి వాదన. పర్యవేక్షకుడి నోట అది నేరాంగీకారం. పదవిని స్వీకరించిన రోజునే అతను తెలియదనే హక్కును వదులుకున్నాడు.

తెలిస్తే మాత్రం సరిపోతుందా? ఇక్కడ మరొక ముడి వున్నది. 2013 మార్చి 12న సెనేట్ గూఢచార సంఘం బహిరంగ సమావేశంలో సెనేటర్ వైడెన్ జాతీయ గూఢచార డైరెక్టర్ జేమ్స్ క్లాపర్‌ను అడిగాడు: కోట్లాది అమెరికన్ల గురించి జాతీయ భద్రతా ఏజెన్సీ ఏదైనా సమాచారం సేకరిస్తున్నదా? లేదని క్లాపర్ సమాధానం చెప్పాడు. క్లాపర్ కొత్తవాడు కాదు. 2007 నుంచి 2010 వరకు కాంబోన్ తరువాత రక్షణశాఖలో ఆ అండర్ సెక్రటరీ పదవి నిర్వహించినవాడు. ఆ ప్రశ్న తన దగ్గరికి రాబోతున్నదని ముందురోజే అతని కార్యాలయానికి తెలుసు. జూన్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ ఇచ్చిన పత్రాలు పత్రికల్లో వచ్చాయి. ఒక పెద్ద టెలిఫోన్ కంపెనీ తన ఖాతాదారుల ఫోన్ వివరాలన్నీ రోజూ ఏజెన్సీకి అప్పగించాలన్న రహస్య న్యాయస్థానపు ఉత్తర్వు అందులో వున్నది. తన సమాధానం తప్పని క్లాపర్ క్షమాపణ చెప్పాడు. అతనిమీద కేసు లేదు. నిజం బయటపెట్టిన స్నోడెన్ మీద గూఢచర్య చట్టం కింద కేసు పెట్టారు. ఆ ఫోన్ వివరాల సేకరణకు చట్టం అనుమతి లేదని 2015 మేలో ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పింది.

ఇందులో అబద్ధం చెప్పినవాడికంటె అబద్ధమని తెలిసి విన్నవాడి స్థితి ఎక్కువ ఆలోచించదగ్గది. వైడెన్‌కు నిజం తెలుసు. సంఘ సభ్యుడుగా రహస్య పత్రాలు చదివినవాడే. కాని రహస్యాలు కాపాడే నిబంధనకు కట్టుబడి, తన కళ్ళముందు ప్రజలతో అబద్ధం చెబుతుంటే అది అబద్ధమని అనలేకపోయాడు. ప్రశ్న అడగడమే అతనికి మిగిలిన స్వాతంత్ర్యం. పర్యవేక్షకుడు గోడమీదికి ఎక్కి చూశాడు. కాని నోరు కట్టేసుకుని ఎక్కాడు. తెలుసుకునే అధికారం వుండి చెప్పే అధికారం లేని పర్యవేక్షకుడు ప్రజలకు ప్రతినిధిగా మొదలయి, రహస్యానికి భాగస్వామిగా తేలుతాడు. అతని మంచితనం వల్ల ఈ స్థితి మారదు.

ఇంతవరకు చెప్పినదానికి రెండు వైపులనుంచి అభ్యంతరాలు రావచ్చు. మొదటిది పాలకులది. శత్రువులున్న లోకంలో రహస్యం తప్పదు, అన్నీ బయట పెడితే దేశం ఏమవుతుంది అంటారు. ఈ వాదంలో కొంత నిజం వున్నది. ఏ వేగు ఏ వూళ్ళో వున్నాడో చెప్పమని ఎవరూ అడగడం లేదు. కాని పనిలోని రహస్యం వేరు, నియమంలోని రహస్యం వేరు. ఫలానా ఇంటిని పోలీసులు రేపు సోదా చేస్తారన్నది రహస్యంగా వుండవచ్చు. సోదా చేయడానికి ఏ చట్టం వర్తిస్తుంది, ఎవరి అనుమతి కావాలి, మనిషిని ఏమేమి చేయకూడదు అన్నవి రహస్యంగా వుంచే రాజ్యం శత్రువునుంచి దాచడం లేదు, పౌరుడినుంచి దాచుతున్నది. ఖైదీ బట్టలు విప్పవచ్చునా అన్నది ఏ శత్రువుకూ పనికివచ్చే సైనిక రహస్యం కాదు.

రెండో అభ్యంతరం మనలోనుంచే వస్తుంది. రాజ్యం పాలకవర్గపు పనిముట్టు, దాని వేగులకు నీతి నేర్పడం పులికి శాకాహారం నేర్పడం లాంటిది, వర్గరాజ్యం పోతే ఈ సమస్య దానంతటదే పోతుంది అంటారు. ఈ మాట ఆవేశంతో అనడం తేలిక. చరిత్ర దీనికి సాక్ష్యం ఇవ్వడం లేదు. సోవియట్ యూనియన్ రహస్య పోలీసు అధిపతులు యాగోదా 1938లోనూ, యెజోవ్ 1940లోనూ, బేరియా 1953లోనూ కాల్చివేయబడ్డారు. పైకి చూస్తే ఇంత కఠినమైన జవాబుదారీ మరెక్కడా లేదనిపిస్తుంది. కాని ఆ ముగ్గురిమీదా మోపిన ముఖ్యమైన ఆరోపణలు ఏమిటి? కుట్ర, ద్రోహం, విదేశాలకు వేగులుగా పనిచేయడం. వాళ్ళ చేతుల్లో నలిగిపోయిన లక్షలాది నిరపరాధుల తరఫున బహిరంగంగా అడిగిన ప్రశ్న కాదది. కౌటిల్యుని ప్రశ్నే: నువ్వు రాజుకు అబద్ధం చెప్పావా? సోషలిజం పేరున ఏర్పడిన రాజ్యంలో కూడా వేగుల పెద్దలు ప్రజలకు కాక పైవారికే జవాబు చెప్పారు. తూర్పు జర్మనీ భద్రతా శాఖలో 1989 నాటికి దాదాపు 91,000 మంది పూర్తికాలపు ఉద్యోగులు వుండేవారు. ఆ దేశపు పౌరుడికి తన ఫైలు తాను చదువుకునే హక్కు ఆ రాజ్యం కూలిన తరువాత, 1992లో గాని రాలేదు. తన స్నేహితుడెవరో, తనమీద నివేదికలు రాసినదెవరో చాలామందికి అప్పుడే తెలిసింది. ఆస్తి సంబంధాలు మారితే రహస్యాధికారం దానంతటదే మంచిదయిపోదని చెప్పడానికి ఇంతకంటె ఏం కావాలి? ఈ సంగతి మన శత్రువులు ఎత్తిచూపుతున్నారు గనుక మనం మాట్లాడకూడదనుకుంటే, మనం కూడా పైన చెప్పిన మూడోరకం తెలియనితనాన్ని అలవాటు చేసుకుంటున్నామన్నమాట.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. సైనిక నిఘాను విచారించిన శామ్ ఎర్విన్ అభ్యుదయవాది కాడు. నల్లజాతివారి పౌరహక్కుల బిల్లులను వ్యతిరేకించిన దక్షిణాది సెనేటర్. అయినా పౌరుడి ఇంట్లోకి సైన్యం తొంగిచూడరాదన్న నియమం అతనికి పట్టుదల. నియమానికి వున్న విలువ అదే. మంచివాళ్ళు అధికారంలో వున్నప్పుడు మాత్రమే పనిచేసేది నియమం కాదు, దయ.

మన దేశం సంగతేమిటి? మనకు ఈ చర్చకు కావలసిన వస్తువే లేదు. ఇంటెలిజెన్స్ బ్యూరో బ్రిటిషువారి కాలంలో, 1887లో పుట్టింది. విదేశీ గూఢచారానికి రీసెర్చ్ అండ్ ఎనాలిసిస్ వింగ్ 1968లో వచ్చింది. కార్గిల్ యుద్ధం తరువాత 2002లో రక్షణ గూఢచార ఏజెన్సీ, 2004లో సాంకేతిక పరిశోధన సంస్థ ఏర్పడ్డాయి. ఇవన్నీ కార్యనిర్వాహక ఉత్తర్వులతో నడుస్తున్నవే. వీటి పనిని పరిశీలించే పార్లమెంటు స్థాయీసంఘం ఒక్కటి కూడా లేదు. 2011లో లోక్‌సభలో మనీష్ తివారీ ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లు చట్టం కాలేదు. 2005 సమాచార హక్కు చట్టం కూడా, అవినీతి, మానవహక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప, ఇలాంటి సంస్థలను తన పరిధినుంచి మినహాయించింది. పెగాసస్ వ్యవహారంలో 2021 అక్టోబరులో ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ నాయకత్వాన సుప్రీంకోర్టు ఒక కమిటీని వేసింది. 29 ఫోన్లు పరీక్షించి ఐదింటిలో ఏదో హానికరమైన సాఫ్ట్‌వేర్ కనబడిందనీ, అది పెగాసస్ అని తేలలేదనీ, కేంద్ర ప్రభుత్వం సహకరించలేదనీ కమిటీ చెప్పినట్లు 2022 ఆగస్టులో కోర్టు వెల్లడించింది. అత్యున్నత న్యాయస్థానం అడిగినా తలుపు తెరవనవసరం లేదని ప్రభుత్వం భావించిందంటే, మామూలు పౌరుడి మాట చెప్పేదేముంది? తెలంగాణలో వామపక్ష తీవ్రవాదులపై నిఘాకోసం ఏర్పడిన పోలీసు విభాగం రాజకీయ ప్రత్యర్థుల ఫోన్లు విన్నదన్న ఆరోపణపై 2024 మార్చిలో కేసు నమోదయింది. నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానం. కాని ఒక ప్రశ్న కేసుతో నిమిత్తం లేకుండా మిగులుతుంది. తీవ్రవాదుల మీద గనుక ఫరవాలేదని మనం ఊరుకున్న అధికారం, తీవ్రవాది ఎవరో నిర్ణయించే అధికారాన్ని కూడా వెంట తెచ్చుకుంటుంది.

కనుక ఏం చేయాలి? నీతిని పదవి నిర్మాణంలో పెట్టాలి; మనిషి మంచితనానికి వదలకూడదు. పని చెప్పేవాడు పర్యవేక్షకుడు కాకూడదు. పర్యవేక్షకుణ్ణి తీసేసే అధికారం అతను ఎవరిని చూడాలో వాళ్ళ చేతుల్లో వుండకూడదు. 2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రక్షణశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌తో సహా దాదాపు 17 మంది తనిఖీ అధికారులను ఒక్క రాత్రిలో తొలగించినప్పుడు, ఆ పదవుల స్వాతంత్ర్యం ఎంతటిదో లోకానికి తెలిసింది. అనుమతి ఇచ్చిన ప్రతి కాగితం మీద ఇచ్చిన మనిషి పేరు వుండాలి. నోటిమాట ఆజ్ఞను కిందివాడు పాటించనవసరం లేదని చట్టమే చెప్పాలి. కొంత కాలం గడిచాక, నిఘాకు గురయిన పౌరుడికి ఆ సంగతి తెలియజేయాలి. అన్నిటికంటె ముఖ్యంగా, పర్యవేక్షకుడు తెలియదనడాన్ని సాకుగా కాక నేరంగా పరిగణించాలి.

ఇవన్నీ పాలకులు తమంతట తాము ఇస్తారని ఎవరూ భ్రమపడనక్కరలేదు. ఇచ్చిన కొద్దిపాటి కూడా పైల్ వంటి సైనికుడు నోరు విప్పడంవల్ల, అబూ గ్రైబ్ ఫోటోలను పై అధికారులకు అప్పగించిన ఒక మామూలు సిపాయి మనస్సాక్షివల్ల, వీధుల్లోకి వచ్చిన జనంవల్ల వచ్చినవే. ఈ జాబితాలో ఒక్క ఉన్నత పర్యవేక్షకుడి పేరు కూడా లేకపోవడం యాదృచ్ఛికం కాదు. మన విద్యార్థులూ ఉపాధ్యాయులూ రాజ్యాన్ని గురించి చర్చించేటప్పుడు, దాని లాఠీని గురించీ తుపాకిని గురించీ మాట్లాడుతుంటారు. దాని చెవిని గురించి కూడా మాట్లాడాలి. ఆ చెవికి ఎవరు యజమాని, ఎవరికి జవాబు చెబుతాడు అని అడగాలి. ఆ ప్రశ్నకు ‘మాకు తెలియదు’ అన్న సమాధానం వచ్చినప్పుడు, అడగడం అక్కడితో ఆపకూడదు.